'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి సీజన్ ఆఖరి భాగం: జోయెల్ వేసిన ఒట్టు, ఎల్లీ అన్న 'ఓకే'

తొలిజాము | 13 మార్చి 2023, ఉదయం 10:25

ఈ ఉదయం మనలో చాలామంది 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వస్తుందా రాదా అని టీవీ ముందు కూర్చున్న వేళకే హాట్‌స్టార్‌లో హెచ్‌బీఓ సీరియల్ 'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి సీజన్ ఆఖరి భాగం కూడా వచ్చింది. నేను పాట సంగతి తేలేదాకా ఆగి, ఇంట్లో సంబరం కాస్త సద్దుమణిగాక, వంటింటి గట్టు మీద ఫోను గోడకు ఆనించి దీన్ని చూశాను. ముప్పావు గంట కూడా లేని భాగం కదా, ఉప్మా కలుపుతూ చూసేయవచ్చు అనుకున్నాను. ఉప్మా అడుగంటింది. పొయ్యి ఎప్పుడు కట్టేశానో కూడా నాకు గుర్తు లేదు.

చూడనివారు దయచేసి ఇక్కడితో ఆగండి, ఇకపైన కథంతా చెప్పేస్తున్నాను. 2003 సెప్టెంబరులో కార్డిసెప్స్ అనే శిలీంధ్రం మనుషులకు సోకి లోకం కూలిపోతుంది. ఆ మొదటి రాత్రే కూతురు సారాను పోగొట్టుకున్న జోయెల్, ఇరవై ఏళ్ల తరువాత, కాటు పడినా వ్యాధి సోకని ఎల్లీ అనే పద్నాలుగేళ్ల పిల్లను ఫైర్‌ఫ్లైస్ అనే తిరుగుబాటు దళానికి అప్పగించే పని ఒప్పుకుంటాడు. బోస్టన్‌లో మొదలైన ఆ ప్రయాణం ఈ భాగంలో సాల్ట్ లేక్ సిటీలోని ఒక ఆసుపత్రిలో ముగుస్తుంది. మందు తయారు కావాలంటే ఎల్లీ మెదడులో పెరిగిన శిలీంధ్రాన్ని బయటికి తీయాలి, తీస్తే ఆమె బతకదు. ఆ మాట ఆమెకు చెప్పకుండానే మత్తు ఇచ్చేశారు. జోయెల్ అడ్డొచ్చిన వారందరినీ చంపి, ఆపరేషన్ బల్ల మీది నుంచి ఆమెను ఎత్తుకుని వచ్చేస్తాడు. కారులో ఆమెకు మెలకువ వచ్చాక మాత్రం మరో కథ చెబుతాడు: నీలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అయినా మందు కుదరలేదు, డాక్టర్లు ఆశ వదులుకున్నారు, ఈలోగా దోపిడీ మూక వచ్చి పడింది.

చివరి సన్నివేశంలో, జాక్సన్ ఊరు కనిపించే ఎత్తు మీద ఎల్లీ ఆగి, ఫైర్‌ఫ్లైస్ గురించి చెప్పినదంతా నిజమేనని ఒట్టు వేయమంటుంది. అతను వేస్తాడు. ఆమె కొంతసేపు అతని ముఖంలోకి చూసి 'ఓకే' అంటుంది. అక్కడితో సీజన్ అయిపోతుంది.

ఆసుపత్రిలోని హత్యలు నన్ను కలవరపెట్టలేదని కాదు గాని, అంతవరకూ జోయెల్ పక్కనే నడిచిన నేను ఆ ఒట్టు దగ్గర ఆగిపోయాను. మీకెలా అనిపించింది?


వేపనీడ | 13 మార్చి 2023, మధ్యాహ్నం 1:05

తొలిజాము గారూ, నాకు ఇద్దరు ఆడపిల్లలు, కాబట్టి నా తీర్పులో పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. జోయెల్ చేసినదాంట్లో నాకు తప్పు కనిపించలేదు.

ఈ భాగంలోనే, ఆసుపత్రికి చేరకముందు, తన కణత మీది మచ్చ ఎలా వచ్చిందో జోయెల్ ఎల్లీకి చెబుతాడు. సారా పోయిన రెండో రోజున తుపాకీ తలకు ఆనించుకున్నాడు, పేలే క్షణంలో ఉలిక్కిపడ్డాడు, గుండు రాసుకుంటూ పోయింది. అన్ని గాయాలనూ కాలమే మాన్పుతుందన్నమాట అని ఎల్లీ అంటే, మాన్పినది కాలం కాదని అంటాడు. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ చెప్పడు, చెప్పలేడు కూడా. ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ బతకాలని అనిపించిన మనిషిని, అలా అనిపించడానికి కారణమైన పిల్లను ఆ గదిలో వదిలేసి రోడ్డు పట్టుకుని పొమ్మంటే పోతాడా? పైగా ఫైర్‌ఫ్లైస్ నాయకురాలు మార్లీన్ అతన్ని సలహా అడగలేదు. నిర్ణయం అయిపోయాక కబురు చెప్పి, తుపాకుల మధ్య బయటికి నడిపించమంది.

ఇక అబద్ధం సంగతి. ప్రాణానికీ మానానికీ ముప్పు వచ్చిన చోట బొంకవచ్చునని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మాట మనలో బడికి వెళ్లిన ప్రతివారికీ తెలుసు. నిజం చెబితే ఆ పిల్ల మళ్లీ ఆ బల్ల మీదికే పోతానంటుంది, లేదా తన మూలంగా ఇంతమంది చచ్చారన్న బరువు జన్మంతా మోస్తుంది. ఆ బరువు తానే మోద్దామనుకున్నాడు.


జాయ్‌స్టిక్ | 13 మార్చి 2023, మధ్యాహ్నం 3:40

ఈ సీరియల్‌కు మూలమైన వీడియో గేమ్‌ను 2013లో ప్లేస్టేషన్ 3 మీద ఆడినవాణ్ణి కాబట్టి ముగింపు ఏమిటో నాకు పదేళ్లుగా తెలుసు. ఆట రాసిన నీల్ డ్రక్‌మన్, 'చెర్నోబిల్' తీసిన క్రెయిగ్ మేజిన్ కలిసి రాసిన ఈ ఆఖరి భాగంలో మాటలు చాలావరకు ఆటలోవే. మారినది నిలబడి చూసే చోటు.

ఆటలో ఆసుపత్రి నడవాల్లో నక్కి నక్కి, తూటాలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒళ్లంతా కళ్లు చేసుకుని పోతున్నప్పుడు, ఆ భయం మనదే కనుక జోయెల్ చేసేది ఆత్మరక్షణలాగానే తోస్తుంది. ఆపరేషన్ గదిలో డాక్టరు చిన్న కత్తి పట్టుకుని అడ్డం నిలుస్తాడు. ఆ డాక్టరును చంపకుండా ముందుకు పోయే దారి ఆటలో లేదు. నేను అప్పట్లో మనసొప్పక అతని కాలి మీద కాల్చి చూశాను, అయినా చచ్చిపోయాడు. ఆ రాత్రి కంట్రోలర్ పక్కన పడేసి చాలాసేపు కూర్చున్నాను, ఎందుకంటే మీట నొక్కినది నా వేలు.

సీరియల్‌లో ఆ భయాన్నీ తీసేశారు, ఆ మీటనూ తీసేశారు. జోయెల్ పరుగెత్తడు. ఆయుధం పడేసి లొంగిపోయినవాణ్ణి కూడా కాల్చేస్తాడు. మనం ఇప్పుడు దూరం నుంచి చూస్తున్నాం, కాబట్టి తీర్పు చెప్పే బాధ్యత వచ్చి పడింది. వేపనీడ గారు ఒకసారి ఆట ఆడితే ఇంకా గట్టిగా జోయెల్ వైపు నిలబడతారని నా నమ్మకం.


మైక్రోస్కోపు | 13 మార్చి 2023, రాత్రి 9:15

వృత్తిరీత్యా సూక్ష్మజీవశాస్త్రం వాణ్ణి కాబట్టి ఈ సీరియల్‌ను అనుమానంతోనే మొదలుపెట్టాను. చీమలకు పట్టే ఓఫియోకార్డిసెప్స్ నిజంగానే ఉంది. అది సోకిన చీమ గూడు వదిలి మొక్క ఎక్కి, ఆకు ఈనెను కొరికి పట్టుకుని అక్కడే చనిపోతుంది, తరువాత దాని తల వెనుక నుంచి శిలీంధ్రం కాడ మొలిచి కింద తిరిగే చీమల మీద బీజాలు రాలుస్తుంది. అయితే 2017లో వచ్చిన ఒక పరిశోధనలో తేలినదేమిటంటే, ఆ శిలీంధ్రం చీమ కండరాలను వలలా చుట్టుకుంటుంది గాని మెదడులోకి చొరబడదు. సీరియల్ మాత్రం మెదడునే పట్టుకుంది. కథ కదా, పోనివ్వండి.

నాకు కొరుకుడు పడనిది ఆ డాక్టరు తొందర. ఎల్లీలో పుట్టుక నుంచీ పెరుగుతున్న కార్డిసెప్స్ ఏదో రసాయన సంకేతాన్ని విడుదల చేస్తోందనీ, దానివల్ల బయటి కార్డిసెప్స్ ఆమెను తన జాతిగానే భావించి వదిలేస్తోందనీ మార్లీన్ చెబుతుంది. వినడానికి బాగానే ఉంది. మరి ప్రపంచంలో ఒకే ఒక్క మనిషికి ఉన్న గుణాన్ని, ఆమె తమ చేతికి చిక్కిన రోజునే, పుర్రె తెరిచి వెతుకుతారా? ముందు రక్తం తీయాలి, వెన్ను నీరు తీయాలి, ఆవగింజంత ముక్క తీసి పెంచి చూడాలి. ఎం.డి. మొదటి ఏడు చదివే విద్యార్థి కూడా ఆ మాట అంటాడు. అందులోనూ మనుషులకు వచ్చే శిలీంధ్ర వ్యాధులకు ఈ రోజుకీ అనుమతి పొందిన టీకా ఒక్కటి కూడా లేదు. శిలీంధ్ర కణం నిర్మాణంలో మన కణానికి దగ్గరి చుట్టం, దాన్ని చంపే మందు మనకూ హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన 19 శిలీంధ్రాలతో మొట్టమొదటి ప్రాధాన్య జాబితా ప్రకటించినది కూడా నిన్నగాక మొన్న, 2022 అక్టోబరులో.

ఇదంతా పక్కన పెట్టినా, నన్ను గట్టిగా పట్టుకున్నది ఆమెను అడగకపోవడం. 2021 వేసవిలో కొవిడ్ రెండో విడత తరువాత బ్లాక్ ఫంగస్ వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. తెలంగాణలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి ప్రధాన కేంద్రం చేశారు, దానికి వాడే ఆంఫోటెరిసిన్ మందు సీసాల కోసం జనం ఊళ్లు పట్టి తిరిగారు. నేను అప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నాను. ఒక దర్జీకి కన్ను తీసేస్తే గాని ప్రాణం దక్కదని తేలింది. ఇంటివాళ్లు సంతకం పెట్టేశారు, ఆయనకు చెప్పవద్దన్నారు. మా పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు, కాగితం తీసుకుని ఆయన మంచం దగ్గరికే వెళ్లారు. ఆయన అంతా విని, ఒక కన్ను మూసి కిటికీ వైపు చూశాడు, అది తెరిచి రెండోది మూసి మళ్లీ చూశాడు, ఆ తరువాత పెన్ను అడిగాడు.

ఆ గదిలో పట్టిన సమయం అయిదు నిమిషాలు కూడా ఉండదు. ఫైర్‌ఫ్లైస్ దగ్గర ఆ అయిదు నిమిషాలు లేకపోయాయి.


టెక్సాస్ అమ్మమ్మ | 14 మార్చి 2023, ఉదయం 7:50

మా మనవడు చూపిస్తుంటే తొమ్మిది వారాలూ చూశాను. జోయెల్ మా ఆస్టిన్ వాడే, అందుకని మొదటి నుంచీ మా ఇంటి మనిషి అన్న అభిమానం. అందరూ ఆఖరి అబద్ధం గురించే రాస్తున్నారు. ఈ భాగం మొదలైనదే ఒక అబద్ధంతో అని ఎవరూ అనలేదేమిటి నాయనా?

ఎల్లీ తల్లి అన్నా, నిండు గర్భిణి, అడవిలో పరుగెత్తి, ఎవరూ లేని ఒక ఇంట్లో చేరి తలుపుకు కుర్చీ అడ్డం పెడుతుంది. ఒక పక్క నొప్పులు, ఇంకో పక్క తలుపు విరగ్గొట్టుకుని లోపలికి వచ్చిన రోగి. వాణ్ణి పొడిచి చంపేసరికి బిడ్డ నేల మీద ఉంటుంది, తల్లి తొడ మీద కాటు ఉంటుంది. ఆ కాటును చూసుకున్న తరువాతే, గబగబా, అదే కత్తితో బొడ్డుతాడు కోస్తుంది. తీరా మార్లీన్ వచ్చినప్పుడు, కాటు పడకముందే కోశానని చెబుతుంది. ఆ ఒక్క మాట మీద ఎల్లీ బతికింది. నిజం చెప్పి ఉంటే ఆ బిడ్డనూ అక్కడే కాల్చేసేవారు. తల్లి ఆయుష్షు పోసిన అబద్ధం అది, పెంచిన తండ్రి చెప్పినది రెండోది. మొదటిదాన్ని ఎవరూ తప్పు పట్టరు, రెండోదాన్ని అందరూ తప్పు పడుతున్నారు.

అన్నాగా నటించిన ఆష్లీ జాన్సన్ ఆటలో ఎల్లీకి గొంతు ఇచ్చిన మనిషేనట, మా వాడు చెప్పాడు. పదేళ్లు ఎల్లీగా ఉన్న మనిషి ఎల్లీని కన్నదన్నమాట. కాన్పు గదిలో నలుగురికి పక్కన నిలబడ్డదాన్ని, అబద్ధపు కాన్పులు తెర మీద చాలా చూశాను. ఈ అమ్మాయి బిడ్డను దగ్గరికి తీసుకోవడానికి భయపడి, తీసుకోకుండా ఉండలేక, చివరికి ఒళ్లో వేసుకున్న తీరు చూసి నేను కాసేపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.


తొలిజాము | 14 మార్చి 2023, ఉదయం 11:30

అమ్మమ్మ గారూ, ఆ రెండు అబద్ధాలనూ పక్కపక్కన పెట్టడం నాకు తట్టలేదు. అయినా ఒక తేడా ఉందనుకుంటాను. అన్నా ఎల్లీ కోసం మార్లీన్‌తో అబద్ధమాడింది. జోయెల్ ఎల్లీతోనే అబద్ధమాడాడు. బొడ్డు ఊడని బిడ్డను అడిగేది లేదు. పద్నాలుగేళ్ల పిల్ల అంతకుముందే తన మాట చెప్పి ఉంది.

జిరాఫీల సన్నివేశం గుర్తు చేసుకోండి. జోయెల్ ఎల్లీని పైకి ఎక్కిస్తాడు, ఆమె పైనుంచి నిచ్చెన దించాలి. నిచ్చెన చేతిలోంచి జారవిడిచి ఆమె పరుగు పెడుతుంది, ఏమైందోనని అతను గాబరాగా వెనుక పరుగెత్తి చూస్తే, కూలిన గోడ పక్కన జిరాఫీ తల. అది గ్రాఫిక్స్ కాదు, కాల్గరీ జంతుప్రదర్శనశాలలోని నిజమైన జిరాఫీ. క్రితం భాగంలో డేవిడ్ అనే దుర్మార్గుడి చేతిలో పడినప్పటి నుంచి పలుకు లేకుండా ఉన్న పిల్ల అక్కడ ఆకులు తినిపిస్తూ నవ్వుతుంది. సరిగ్గా ఆ తరువాతే జోయెల్, ఇదంతా వదిలేసి వెనక్కి పోదామా అంటాడు. ఇన్ని పడ్డాక, ఇంత చేశాక అదంతా వృథా పోకూడదనీ, పని అయ్యాక ఎక్కడికంటే అక్కడికి వెంట వస్తాను గాని సగంలో ఆపేది లేదనీ ఎల్లీ అంటుంది. అంటే ఆమె ఏమంటుందో జోయెల్‌కు తెలుసు. తెలుసు కాబట్టే నిజం చెప్పలేదు.

వేపనీడ గారూ, శుక్రాచార్యుని మాట మీరు తెచ్చారు కాబట్టి ఒక చిన్న మనవి. ఆ మాట చెప్పింది గురువే, వినకుండా దానం ఇచ్చింది శిష్యుడు. మనం తరతరాలుగా చెప్పుకుంటున్నది బలి కథను.


వేపనీడ | 14 మార్చి 2023, మధ్యాహ్నం 12:10

దానం ఇచ్చినది తన తలను, కూతురి తలను కాదు. ఆ తేడా మీరూ గమనించండి.


శబ్దలేఖ | 14 మార్చి 2023, సాయంత్రం 6:20

ధర్మచర్చకు అడ్డం రావడం లేదు గాని, ఆసుపత్రి సన్నివేశంలో ధ్వని గురించి ఎవరూ రాయలేదు. నేను సినిమాలకు శబ్దమిశ్రమం చేసే స్టూడియోలో పనిచేస్తాను, అందుకని దాన్ని నాలుగుసార్లు విన్నాను, అందులో రెండుసార్లు కళ్లు మూసుకుని.

మెట్ల దగ్గర జోయెల్ తన కాపలావాళ్ల మీద తిరగబడినప్పుడు తుపాకీ మోత మామూలుగానే, చెవులు అదిరేలాగే ఉంటుంది. ఆ తరువాత క్రమంగా మోత వెనక్కి తగ్గి, అరుపులు నీటి అడుగు నుంచి వస్తున్నట్టు మూగబోయి, ముందుకు సంగీతం వస్తుంది. సంగీతం ఇచ్చిన గుస్తావో సాంతావొలాయా ఇక్కడ వీరరసం వాయించలేదు, ఎవరో పోయిన ఇంట్లో వినిపించే లాంటి సంగీతం పెట్టాడు. పోరాటం మొత్తం అయిపోయిన విషయాన్ని తలుచుకుంటున్నట్టు ఉంటుంది. జోయెల్‌గా నటించిన పెడ్రో పాస్కల్ ముఖంలో కోపం లేదు, పగ లేదు, రెప్ప కూడా సరిగా కదలదు. దర్శకుడు అలీ అబ్బాసీ ఒక్క చావునూ తీరిగ్గా చూపించడు, ఒక్కదాన్నీ దాచడు. మన సినిమాల్లో ఇలాంటి ఘట్టానికి తీసుకునే డప్పు, స్లో మోషను, నేపథ్యంలో హోరు ఒక్కసారి ఊహించుకోండి, ఆ పిల్లను కాపాడినందుకు మనం ఈలలు వేసేవాళ్లం. ఇక్కడ ఈల వేయడానికి చోటు ఇవ్వలేదు. జాయ్‌స్టిక్ గారు అన్న దూరం నా లెక్కన కెమెరాతో కంటే చెవితో ఎక్కువ వచ్చింది.

ఆపరేషన్ గదిలో అడుగు పెట్టగానే యంత్రాల చిన్న చప్పుడు తిరిగి వస్తుంది. అక్కడ పేలిన ఒక్క గుండు మాత్రం పూర్తిగా వినిపిస్తుంది.


పాతసినిమా | 15 మార్చి 2023, ఉదయం 8:45

మీ అందరి మెచ్చుకోళ్ల మధ్య ఒక ఫిర్యాదు. ఇది హడావిడిగా ముగించిన భాగం. మూడో భాగంలో బిల్, ఫ్రాంక్‌ల కథకు గంటకు పైగా తీరిక దొరికింది, సీజన్ మొత్తం ఎదురుచూసిన ఆసుపత్రికి పావుగంట కూడా దొరకలేదు. మార్లీన్ మొదటి భాగం తరువాత దాదాపు కనిపించదు, తిరిగి వచ్చీ రాగానే లోకం కోసం పెంపుడు బిడ్డలాంటి పిల్లను బలి ఇవ్వడానికి సిద్ధపడుతుంది. ఆ నిర్ణయానికి వచ్చే ముందు ఆమె పడ్డ వేదన మనకు మాటల్లో తెలుస్తుందే గాని కంటికి కనిపించదు. డాక్టరుకు పేరు కూడా లేదు. తూకంలో రెండో పళ్లెం ఖాళీగా పెట్టి, ఏ పళ్లెం బరువో చెప్పమంటే మనం ఏం చెబుతాం? ఆస్కార్ రాత్రే ప్రసారమైనా అమెరికాలో 82 లక్షల మంది ఆ రాత్రి చూశారని హెచ్‌బీఓ ప్రకటించింది. అంతమంది కూర్చుని చూస్తున్నప్పుడు ఇంకో ఇరవై నిమిషాలు తీయవలసింది.


అనంతసీమ | 15 మార్చి 2023, రాత్రి 10:05

మాది అనంతపురం. ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. చిన్నప్పుడు ఆ కట్ట మీద నడిచినప్పుడల్లా మా నాయనమ్మ ముసలమ్మ కథ చెప్పేది. వాన ఆగక కట్ట తెగబోతుంటే, ఫలానా ఇంటి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి పూడుతుందని ఊరి దేవత పలికిందట. ఆ మాట ఆ కోడలి చెవిన వేశారు. ఆమె అత్తమామలకూ భర్తకూ చెప్పి, బిడ్డను అప్పగించి, తన కాళ్లతో తానే నడిచి గండిలోకి దిగిందని కథ.

ఈ భాగం చూస్తున్నంతసేపూ నాకు ఆ కట్టే కళ్ల ముందు ఉంది. ఒకరిని ఇచ్చి ఊరిని కాపాడుకోవడం మనకు కొత్త కాదు, ఆ లెక్క తప్పో ఒప్పో నేను తేల్చలేను. కానీ ముసలమ్మ మెలకువగా ఉంది. ఎల్లీని ఒక గదిలో నిద్రపుచ్చి ఒక దళం తన లెక్క వేసుకుంది, పక్క గదిలో ఒక మనిషి తన లెక్క వేసుకున్నాడు. మార్లీన్, జోయెల్ ఒకరికొకరు శత్రువులని సీరియల్ అనిపిస్తుంది గాని, నాకు ఇద్దరూ ఒకే పని చేసినట్టు కనిపించారు. ఆసుపత్రి కింద కార్లు నిలిపే చోట మార్లీన్ జోయెల్‌తో, ఎల్లీ ఏం కోరుకుంటుందో నీకూ తెలుసు అంటుంది. ఆ మాట నిజమే కావచ్చు, అనడానికి ఆమెకు అర్హత ఎక్కడిది? మత్తు ఇచ్చింది వాళ్లే కదా.


వేపనీడ | 15 మార్చి 2023, రాత్రి 11:20

అనంతసీమ గారూ, మీ కథను గౌరవిస్తూనే ఒకటి అడుగుతాను. గట్టు మీద ఊరు ఊరంతా తడిసి నిలబడి, ఒక కోడలి ముఖంలోకి చూస్తూ అడిగితే, అది అడగడమేనా? కాదనే దారి ఆమెకు ఎవరు వదిలారు?

ఎల్లీ కూడా అంతే. చివరి సన్నివేశంలో, ఒట్టు అడిగే ముందు ఆమె ఏం చెప్పిందో చూడండి. తనతోపాటు కాటు పడిన స్నేహితురాలు రైలీ, తాను కలిసి పిచ్చివాళ్లమైపోదాం అనుకున్నారు, రైలీ పోయింది, తాను మిగిలింది. ఆ తరువాత టెస్, ఆ తరువాత శామ్. పోయినవాళ్ల పేర్లు వరసగా లెక్కపెట్టుకుంటున్న పద్నాలుగేళ్ల పిల్ల, నువ్వు చస్తే లోకం బాగుపడుతుందంటే సంతోషంగా ఒప్పుకుంటుంది. అది ఆమె కోరిక అంటారా, మిగిలిపోయినందుకు చెల్లించాలనుకున్న బాకీ అంటారా? నా కూతురు ఆ వయసులో అలాంటి కాగితం మీద సంతకం పెడితే నేను ఆ కాగితం చించేస్తాను. మైక్రోస్కోపు గారి దర్జీకి నలభయ్యో యాభయ్యో ఉండి ఉంటాయి.


మైక్రోస్కోపు | 16 మార్చి 2023, ఉదయం 6:55

యాభై రెండు. మీరన్నది నిజమే, పద్దెనిమిది నిండనివారికి సంరక్షకుల సంతకమే చెల్లుతుంది. కానీ పిల్లలకు కూడా వాళ్ల భాషలో చెప్పి, తల ఊపించుకుని గాని మేము కత్తి పట్టము. ఇక్కడ సంరక్షకుడు ఎవరన్నదే తగాదా.


అనంతసీమ | 16 మార్చి 2023, ఉదయం 9:30

వేపనీడ గారూ, మీ ప్రశ్నకు రాత్రంతా ఆలోచించాను. మా నాయనమ్మ కథను నేను ఇంతవరకు ఆ వైపు నుంచి చూడలేదని ఒప్పుకుంటున్నాను. ఎల్లీని అడిగి ఉంటే, ఆమె ఒప్పుకుని ఉంటే, మీరన్నట్టు ఆ కాగితం చించే హక్కు జోయెల్‌కు ఉందనే అంటాను. అప్పుడు ఆమె అతని మీద అరిచేది, అలిగేది, బహుశా వదిలి వెళ్లిపోయేది కూడా. దేనిమీద కోపం వచ్చిందో ఆమెకు తెలిసి ఉండేది. ఇప్పుడు ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. ఆ 'ఓకే' నాకు నమ్మకంలా వినిపించలేదు.


తొలిజాము | 16 మార్చి 2023, మధ్యాహ్నం 2:15

నాకూ అంతే. ఎల్లీగా నటించిన బెల్లా రామ్సీ ఆ మాట అనే ముందు కళ్లు ఒకసారి అతని ముఖం మీద అటూ ఇటూ తిరుగుతాయి, తాళం వేశామో లేదో అని తలుపును మళ్లీ లాగి చూసుకున్నట్టు. తరువాత తల కొంచెం ఊపి 'ఓకే' అంటుంది. ఆమెకు అబద్ధమని తెలిసిందా, తెలుసుకోవద్దని అనుకుందా? ఈ లోకంలో ఆమెకు ఇంకెవరూ లేరు. నమ్మకపోతే ఆ కొండ దిగి ఎక్కడికి పోతుంది?


వేదిక నిర్వాహకులు | 16 మార్చి 2023, సాయంత్రం 5:00

ఆట రెండో భాగంలో ఏం జరుగుతుందో రాసిన మూడు వ్యాఖ్యలను తొలగించాము. దయచేసి సీరియల్‌లో వచ్చినంతవరకే రాయండి. మరో సంగతి, ఈ నెల 31 తరువాత హెచ్‌బీఓ కార్యక్రమాలు హాట్‌స్టార్‌లో ఉండవు కాబట్టి మళ్లీ చూడదలచినవారు ఈలోగా చూసుకోగలరు.


జాయ్‌స్టిక్ | 19 మే 2025, రాత్రి 8:30

రెండేళ్ల క్రితం నిర్వాహకులు తొలగించిన మూడు వ్యాఖ్యలలో రెండు నావే. ఇప్పుడు రెండో సీజన్ ఆరో భాగం కూడా వచ్చేసింది, జోయెల్‌ను చంపినది ఆ పేరులేని డాక్టరు కూతురేనని అందరికీ తెలిసిపోయింది, కాబట్టి రాయవచ్చనుకుంటాను. పాతసినిమా గారూ, ఖాళీగా ఉందన్న ఆ రెండో పళ్లెంలో బరువు ఈ సీజన్‌లో పెట్టారు.

ఈ చర్చలో మనం ఆగిన చోటుకే ఆరో భాగం తిరిగి వచ్చింది. కాటు పడిన యూజీన్‌ను ఆఖరిసారి భార్య దగ్గరికి తీసుకువెళ్తానని జోయెల్ మాట ఇస్తాడు. ఎల్లీని పక్కకు పంపి అతన్ని కాల్చేస్తాడు, ఊళ్లోకి వచ్చి ఆ భార్యకు ఊరట కలిగించే కథ ఒకటి చెబుతాడు. ఆ మాట ఇచ్చినప్పటి అతని ముఖాన్ని ఎల్లీ పోల్చుకుంటుంది. కొండ మీద ఒట్టు వేసినప్పటి ముఖమే అది.


వేపనీడ | 19 మే 2025, రాత్రి 10:45

చూశాను. అప్పుడు ఇక్కడ నేను వాదించేనాటికి ఎల్లీ ఈడుదైన నా చిన్నమ్మాయికి ఇప్పుడు పదహారు, నా పక్కనే కూర్చుని చూసింది. ఒక్క మాట కూడా అనలేదు, అయిపోయాక లేచి తన గదిలోకి పోయింది. నేను ఇప్పటికీ ఆ కాగితం చించేస్తాననే అంటాను. కానీ చించానని మాత్రం చెప్పి ఉండేవాణ్ణి అనుకుంటున్నాను.


టెక్సాస్ అమ్మమ్మ | 20 మే 2025, ఉదయం 8:10

అదే ఆరో భాగంలో, అరుగు మీద మాటల్లో జోయెల్ ఎల్లీతో, నీకంటూ ఒక బిడ్డ పుడితే నాకంటే కాస్త మెరుగ్గా చేయమంటాడు చూడండి, ఆ మాట అతని తండ్రి అతనితో అన్నదే. నేను మా వాడికి ఆ ముక్క మళ్లీ వేయమని చెప్పి రెండుసార్లు విన్నాను.


తొలిజాము | 20 మే 2025, మధ్యాహ్నం 1:00

నేను ఈ రోజు మొదటి సీజన్ ఆఖరి పది నిమిషాలూ, నిన్నటి అరుగు సన్నివేశమూ ఒకదాని వెంట ఒకటి పెట్టి చూశాను. ఈసారి పొయ్యి మీద ఏమీ పెట్టలేదు. కొండ మీద ఎల్లీ ఒట్టు అడిగినప్పుడు జోయెల్ ఒక్క క్షణం కూడా తడబడకుండా, కళ్లలోకి చూస్తూ ఒట్టు అనేస్తాడు. అరుగు మీద ఆమె ఒక్కొక్కటే అడుగుతుంది. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా? దోపిడీ మూక వచ్చిందా? మందు తయారయ్యేదా? మార్లీన్‌ను చంపావా? ఆ ప్రశ్నలకు అతనికి నోట మాట రాదు, ప్రతిదానికీ తల ఒక్కటే కదులుతుంది.